ఒకే ఊరు, రెండు చర్చిలు: తలుపు తెరిచాక ఏం జరిగింది?

ఈ ఎపిసోడ్ ఐడియా నాకు లైబ్రరీలో రాలేదు, ఒక క్రిస్మస్ రాత్రి బస్సు దిగినప్పుడు వచ్చింది.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రోజులు. మా రూమ్మేట్ ఒకడు పండక్కి వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు, పేరు చెప్పను. దిగేసరికి రాత్రి పదకొండు. రెండు మైకులు మోగుతున్నాయి. రెండిట్లోనూ అవే క్రిస్మస్ పాటలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఏదీ సరిగ్గా వినపడట్లేదు. చూస్తే రెండు చర్చిలు. మధ్యలో రెండొందల గజాలు కూడా లేదు. రెండిటి మీదా స్టార్లు వెలుగుతున్నాయి. "రెండెందుకురా, ఇంత చిన్న ఊరికి?" అన్నా. వాడు బ్యాగు భుజానికి వేసుకుంటూ "అది వాళ్ళది, ఇది మాది" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు. మనకి తెలుసు కదా, మన ఊళ్ళలో "వాళ్ళు", "మేము" అంటే ఏంటో.

పొద్దున వాళ్ళమ్మగారు సేమియా పాయసం పెడుతూ ఉంటే, ఆగలేక ఆవిడనే అడిగా: "ఆంటీ, ఆ చర్చికి వెళ్ళి కూర్చోవచ్చా?" ఆవిడ చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "వెళ్ళొచ్చు నాయనా, ఎవరూ వద్దనరు. రమ్మని మాత్రం ఎవరూ అనరు."

ఇవాళ్టి మాటంతా ఈ వద్దనకపోవడానికీ రమ్మనడానికీ మధ్య ఉన్న దూరం గురించి. ఇది దేవుడి గురించి ఎపిసోడ్ కాదు. ఎవరు ఏ మతంలోకి వెళ్ళాలి, వెళ్ళకూడదు అన్న గొడవ కూడా నాకొద్దు. ఒక సంఘాన్ని నడిపే మనిషి అందరినీ రానివ్వాలనుకున్నప్పుడు ఏమేం అడ్డొస్తాయో, నూట యాభై ఏళ్ళకి ముందు నుంచి మన నేల మీదే జరిగిన కథల్లో చూద్దాం.

ముందు ఒక చిన్న మాట. మన తెలుగు క్రైస్తవులు చర్చిని "సంఘం" అంటారు, పాస్టర్‌ని "సంఘకాపరి" అంటారు. ఇంకో మాట ఉంది: "బల్ల". రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనని "ప్రభువు బల్ల" అంటారు. అంటే ఆ మతంలో అతి పవిత్రమైన విషయానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు ఒక భోజనం బల్ల పేరు. ఈ బల్లని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

సరే, కథ మచిలీపట్నంలో మొదలుపెడదాం. 1841లో రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ అక్కడికొచ్చాడు. 1843లో బడి పెట్టాడు, ఇప్పటికీ నోబుల్ పేరు బందరులో వినపడుతుంది. ఆయన ప్లాన్ సింపుల్: పై కులాల పిల్లలకి ఇంగ్లీషు చదువు చెబితే, వాళ్ళు మారితే, కింద ఉన్న సమాజమంతా వాళ్ళ వెనకే వస్తుంది. మా పాత ఆఫీసు భాషలో టాప్ డౌన్ అప్రోచ్. కానీ దానికో ధర ఉంది. అంటరానివాళ్ళుగా చూసిన కులాల పిల్లల్ని ఆయన బడిలో చేర్చుకోలేదు. చేర్చుకుంటే మిగతావాళ్ళు రారు కాబట్టి. 1852లో ఇద్దరు పై కులాల కుర్రాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు గగ్గోలైంది, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. ఎవరి కోసం తలుపు సగం మూశాడో వాళ్ళే పారిపోయారు.

ఇంకో విచిత్రం. అదే మిషన్‌లో, అదే కృష్ణా ప్రాంతంలో, 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన వెనక ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి. బడిలో సీటు లేనివాళ్ళ నుంచి ఉద్యమం వచ్చిందన్నమాట. నోబుల్‌ని విలన్‌ని చెయ్యక్కర్లేదు. ఆయన బతుకంతా ఆ బడికే ఇచ్చేశాడు, పెళ్ళి కూడా చేసుకోలేదు. కానీ ఆయన లెక్క తప్పింది.

ఈ చిక్కు తెలుగు నేలకి మాత్రమే కాదు. తంజావూరులో అంతకు ముందే క్రైస్తవ వెళ్ళాళులు చర్చిలో వేరుగా కూర్చునేవాళ్ళు, బల్ల దగ్గరికి వేరుగా వచ్చేవాళ్ళు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ ఇది కుదరదు, కులం మొత్తం వదలాలి అని ఉత్తరం రాశాడు. ఉత్తరం ఒక్కదానితో కులం పోతే ఇంకేం కావాలి? చాలామంది ఆ చర్చి వదిలి వేరే మిషన్‌లోకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఒంగోలు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువసేపు ఉందాం.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840 నుంచి పని చేస్తున్నారు. పాతికేళ్ళయినా సంఘంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి మూడుసార్లు చర్చ జరిగింది. ఇవాళ్టి కంపెనీ అయితే మొదటి రివ్యూలోనే ప్రాజెక్ట్ షట్‌డౌన్ అయ్యేది. అలాంటి టైంలో 1866లో ఒంగోలుకి జాన్ ఎవరెట్ క్లౌ వచ్చాడు. మనవాళ్ళు క్లౌ దొర అంటారు. చదువుకోకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేసిన మనిషి. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఒంగోలులో మొదట స్నేహంగా వచ్చింది ఊరి పెద్దకులాలవాళ్ళే. వాళ్ళ పిల్లలకి చదువు కావాలి, కొంతమందికి బోధ మీద ఆసక్తి కూడా ఉంది. మిషనరీకి ఇంతకన్నా ఏం కావాలి? నోబుల్ కలగన్నదే తలుపు తట్టింది.

సరిగ్గా అప్పుడే ఇంకొకళ్ళు వచ్చారు. ఒంగోలుకి పడమరగా సుమారు నలభై మైళ్ళ దూరంలో తాళ్ళకొండపాడు. అక్కడ ఎర్రగుంట్ల పేరయ్య అనే ఆయన. మాదిగ, తోళ్ళ వ్యాపారం. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ఆయన మామూలు వ్యాపారి కాదు, రాజయోగ సంప్రదాయంలో శిష్యులున్న గురువు. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్ళినప్పుడు ఏలూరులో అలెగ్జాండర్ అనే మిషనరీ మాటలు విన్నాడు. మీ ఒంగోలుకే ఒక దొర వస్తాడు, ఆయన్ని కలుసుకో అని అలెగ్జాండర్ చెప్పాడట. పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత పేరయ్య వెనక ఆయన పల్లె కదిలింది.

అప్పుడు ఒంగోలు పెద్దమనుషులు క్లౌకి చెప్పిన మాట సూటిగా ఉంది: వాళ్ళని చేర్చుకుంటే మేం రాలేం.

ఒక్క క్షణం ఆయన స్థానంలో కూర్చుని చూడండి. ఒకవైపు చదువు, డబ్బు, పరపతి ఉన్నవాళ్ళు. ఇంకోవైపు ఊరి బయట ఉన్నవాళ్ళు, చదువు లేనివాళ్ళు. పైన అమెరికాలో ఈ మిషన్ మూసేద్దాం అని చూస్తున్నవాళ్ళు. ఇద్దరినీ తీసుకోవడం అనే ఆప్షనే లేదు. అందరికీ స్వాగతం అని బోర్డు రాయడం తేలిక. ఒకళ్ళు లోపలికొస్తే ఇంకొకళ్ళు బయటికి వెళ్తాం అన్నప్పుడు ఆ బోర్డుకి అర్థం ఏంటి?

క్లౌ తర్వాత తన ఆత్మకథలో ఏం చెప్పాడంటే, ఏం చెయ్యాలో తోచక గదిలోకెళ్ళి అక్కడున్న బైబిళ్ళలో ఒకటి తీశాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం తెరుచుకుంది. లోకం బలహీనులు, నీచులు అనుకునేవాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడు అని చెప్పే భాగం అది. బయటికొచ్చి చూస్తే ఆయన భార్య హారియెట్ కూడా విడిగా సరిగ్గా అదే భాగం చదువుతూ ఉందట. నమ్మాలా వద్దా అన్నది మీ ఇష్టం. నాకు ముఖ్యం అనిపించింది దాని తర్వాత జరిగింది: ఆయన మాదిగల్ని తీసుకున్నాడు. పై కులాలవాళ్ళు అన్నంత పనీ చేశారు, దూరమైపోయారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. అదే నెలలో తాళ్ళకొండపాడు దగ్గర చింతతోపులో మీటింగులు పెడితే, అక్కడ ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు.

సినిమా అయితే ఇక్కడ ఇంటర్వెల్ కార్డు పడుతుంది, చప్పట్లు కొడతాం. కానీ అసలు కష్టం ఇక్కడి నుంచే.

సంఘంలోకి వచ్చేవాళ్ళకి క్లౌ దగ్గర మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. చూడ్డానికి చిన్నవిగా ఉన్నాయి కదా? ఊరి వ్యవస్థలో పెట్టి చూడండి. ఆదివారం పని మానడం అంటే ఆసామి పిలిచినప్పుడు రాను అనడం. ఏడు రోజులూ వెట్టి చేసే మనిషి రాను అంటే ఆ ఆసామి ఊరుకుంటాడా? చచ్చిన గొడ్డు విషయం తీసుకోండి. దాన్ని లాక్కెళ్ళి, తోలు ఒలిచి, చెప్పులు, నీళ్ళు తోడే తోలు బానలు చేసి ఊరికివ్వడం మాదిగల మీద ఊరు పెట్టిన బాధ్యత. ఆ మాంసం వాళ్ళ కూలిలో భాగం లాంటిది, కరువు నెలల్లో అదే తిండి. విగ్రహాల నియమం అంటే జాతరలో డప్పు కొట్టం అనడం. డప్పు లేకపోతే అమ్మవారి జాతరే నడవదు.

అంటే ఆ మూడు నియమాలూ ఊరితో ఉన్న మూడు ఒప్పందాల్ని తెంచేశాయి. చెప్పింది దొర, దెబ్బ తిన్నది పల్లె. కూలి పని ఆపేశారు, నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు, కొట్టారు, కేసులు పెట్టారు. ఈ మాట నేను కావాలనే నొక్కి చెబుతున్నా. మన చరిత్ర పుస్తకాల్లో, చర్చి పుస్తకాల్లో కూడా, ధైర్యం అంతా క్లౌ ఖాతాలో వేస్తారు. ఆయనకి ఒంగోలులో బంగళా ఉంది. ఆదివారం పొద్దున ఆసామి మనిషి వచ్చి తలుపు కొడితే లోపల వణుకుతూ కూడా రాను అన్నవాళ్ళ పేర్లు మనకి తెలియవు.

క్లౌ చేసిన ఒక తెలివైన పని మాత్రం చెప్పాలి. అమెరికా పద్ధతిలో ఊరికో కమిటీ, ఊరికో జీతం పాస్టరు అని మొదలుపెట్టలేదు. పల్లెలో అప్పటికే పెద్దలున్నారు, పంచాయితీ ఉంది. వాళ్ళనే సంఘ పెద్దలుగా ఉండనిచ్చాడు. మూడు నెలలకోసారి బోధకులంతా ఒంగోలు రావాలి, ఊరి సంగతులు చెప్పాలి, నేర్చుకోవాలి, మళ్ళీ వెళ్ళాలి. జనం ఉన్న తీరులోనే సంఘం కట్టడం అన్నమాట. దీని మంచి చూశాం. దీని చెడ్డ కాసేపట్లో చూస్తాం.

1876లో కరువొచ్చింది. 1878 దాకా ఉంది. మద్రాసు రాజధానిలో లక్షలమందిని మింగిన కరువు అది. ఇక్కడ సర్వేయరు అనుభవం పనికొచ్చింది. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని క్లౌ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. అక్కడి కూలీలకి కొట్టేవాడు, తిట్టేవాడు కాకుండా పక్కన కూర్చుని మాట్లాడే మేస్త్రీ దొరకడం కొత్త.

కరువు నడిచినన్నాళ్ళూ క్లౌ కొత్తవాళ్ళకి బాప్తిస్మాలు ఆపేశాడు. నెలల తరబడి. కారణం మీరు ఊహించగలరు, తిండి కోసం వచ్చారు అనే మాట రాకూడదని. కడుపు కాలుతున్నవాడు దేవుణ్ణి అడిగితే నిజంగా అడిగినట్టు కాదా అనేది వేరే ప్రశ్న, నాకైతే ఆ అనుమానంలోనే ఒక పొగరు కనపడుతుంది. కానీ ఆయన భయం అర్థమవుతుంది.

కరువు పని అయిపోయాక, ఇంక డబ్బుల్లేవు, ఏమీ ఇవ్వలేం అని చెప్పేశాక కూడా జనం ఆగలేదు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మూడు రోజుల్లో 3,536. ఆ జూలై 3న నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని పొద్దున నుంచి సాయంత్రం దాకా ఇచ్చారు. కొన్నేళ్ళలో ఒంగోలు సంఘం సభ్యులు ఇరవై వేలు దాటారు. ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘం అని అప్పట్లో పేరు.

సరే, ఇరవై వేలమంది వచ్చారు. ఇప్పుడు ఇంకో గుంపు బయట నిలబడి ఉంది. పై కులాలవాళ్ళ సంగతి వదిలెయ్యండి. మాలలు.

పల్లె జనాన్ని ఉన్న తీరులో తీసుకుంటే, ఆ సంఘం ఆ పల్లె ఆకారంలోనే తయారవుతుంది. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లోకి మాదిగలు ముందొచ్చారు, కాబట్టి మాలలు ఎక్కువగా దూరంగా ఉండిపోయారు. గుంటూరు వైపు లూథరన్లలో, కృష్ణా వైపు చర్చి మిషనరీ సొసైటీలో మాలలు ముందొచ్చారు, అక్కడ మాదిగలకి ఇబ్బంది. మిషన్లు కూడా ఇది మీ ఏరియా, ఇది మా ఏరియా అని పంచుకోవడంతో కొన్నిచోట్ల డినామినేషన్ పేరు చెబితే చాలు, ఏ కులమో ఊహించేసేవాళ్ళు. రెండు మిషన్లూ ఒకే ఊళ్ళోకి వచ్చిన చోట, ఊరికి రెండు చర్చిలు. బస్సు దిగినప్పుడు నాకు వినపడిన రెండు మైకులకి వైరింగ్ అప్పుడే పడింది.

ఒక తలుపు దగ్గర పెద్దకులాలవాళ్ళు చెప్పిన మాట, "వాళ్ళొస్తే మేం రాం" అన్నది, ఒక మెట్టు కింద ఇంకో తలుపు దగ్గర మళ్ళీ వినపడింది. దీనికి ఎవర్ని తప్పు పట్టాలో నాకు తెలియదు. తన మీద ఉన్న మెట్టుని తిట్టుకుంటూ తన కింద మెట్టుని జాగ్రత్తగా కాపాడుకోవడం మనిషికి ఎంత తేలికో, అంబేడ్కర్ చదివిన ఎవరికైనా తెలుసు.

ఇప్పుడు డోర్నకల్ వెళ్దాం. ట్రైన్‌లో విజయవాడ వైపు వెళ్ళినవాళ్ళంతా ఈ జంక్షన్ చూసే ఉంటారు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. నాడార్ కుటుంబం. ఒకప్పుడు ఆ కులం వాళ్ళని కూడా చాలా గుళ్ళలోకి రానిచ్చేవాళ్ళు కాదు. 1909లో నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్‌కి వచ్చి, తెలుగు నేర్చుకుని పని మొదలుపెట్టాడు. విదేశీ మిషన్ పంపిన మనిషి కాదు. తిరునెల్వేలి క్రైస్తవులు చందాలేసుకుని పంపిన మనిషి.

1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. వెయ్యికి పైగా ప్రతినిధులు, అందులో మన వైపువాళ్ళు గుప్పెడు. ముప్పై ఐదేళ్ళ అజరయ్య లేచి, మిషనరీలకి భారతీయ సహోద్యోగులతో నిజమైన స్నేహం లేదు అని వాళ్ళ ముఖం మీదే చెప్పాడు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేస్తారు గానీ ఇంటికి భోజనానికి పిలవరు, కుర్చీ చూపించరు. మీ త్యాగాలకి రుణపడి ఉంటాం, కానీ మాకు స్నేహితులు కావాలి అన్నది దాని సారాంశం. హాల్లో చాలామందికి కోపం వచ్చింది. తర్వాతి రోజుల్లో ఆ సభలో గుర్తుండిపోయిన ప్రసంగాల్లో అదొకటయ్యింది.

గమనించారా, మళ్ళీ భోజనం బల్ల దగ్గరికే వచ్చాం.

1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ని బిషప్ చేశారు. ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఇంగ్లీషువాళ్ళలో కొందరికి ఇష్టం లేదు, అది ఊహించగలిగేదే. ఆయన సొంత తిరునెల్వేలిలో కూడా కొందరు వ్యతిరేకించారు. తర్వాత కొన్నేళ్ళకి కృష్ణా ప్రాంతం కూడా ఆయన డయాసిస్ కిందికొచ్చింది. అంటే నోబుల్ మచిలీపట్నం, వెంకయ్య రాఘవాపురం, అన్నీ ఇప్పుడు అజరయ్య బాధ్యత.

ఎడిన్‌బరోలో తెల్లవాళ్ళని అడిగిన ప్రశ్న ఇప్పుడు ఆయన దగ్గరికే తిరిగొచ్చింది. నన్ను నీ బల్ల దగ్గర ఎందుకు కూర్చోబెట్టవు అని అడిగిన మనిషి, ఇప్పుడు మాల సభ్యుల్ని మాదిగ సభ్యులతో ఎందుకు కూర్చోరు అని అడగాలి. దొరని అడగడానికి ధైర్యం కావాలి. మనవాళ్ళని అడగడానికి ఓపిక కూడా కావాలి, ఎందుకంటే వాళ్ళు చప్పట్లు కొట్టరు, కోపం తెచ్చుకోరు, తల ఊపి ఇంటికెళ్ళి పాత పద్ధతిలోనే ఉంటారు.

అజరయ్య ఉత్తరం మీద ఆధారపడలేదు. విల్సన్ గతి ఆయనకి తెలుసు. ఎద్దుబండి మీద ఊళ్ళు తిరిగాడు. కులం వదలడం బాప్తిస్మంలో భాగం అని పట్టుబట్టాడు. అన్ని కులాల పిల్లలూ ఒకే హాస్టల్లో పడుకుని ఒకే పంక్తిలో తినే బళ్ళు నడిపించాడు, సమావేశాల్లో సహపంక్తి భోజనాలు పెట్టించాడు. విదేశీ డబ్బు మీద బతికే సంఘం ఎప్పటికీ అతిథిగానే ఉంటుందని, ఇచ్చే అలవాటు నేర్పాడు. అన్నం వండేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టడం, కోతల పండగకి ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు తేవడం, ఇవన్నీ మన తెలుగు సంఘాల్లో ఇప్పటికీ చూడొచ్చు. ఇస్తున్నవాడికి నాది అనిపిస్తుంది. ఆ ఇల్లు తనది అనుకుంటేనే ఎవరినైనా ఇంటికి రమ్మనగలడు.

డోర్నకల్ కెథీడ్రల్‌ని కూడా అలాగే కట్టించాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. అవకాశం దొరికితే వెళ్ళి చూడండి. ఇంగ్లండ్‌లో ఉండే కోసుగా ఉండే చర్చిలా ఉండదు. గుమ్మటాలు, గుడి స్తంభాల్లాంటి స్తంభాలు, తామరపువ్వు, సిలువ. లోపలికి అడుగుపెట్టే తెలుగు మనిషికి పరాయి ఇల్లు అనిపించకూడదన్నది ఆలోచన.

ఫలితం? కొంత వచ్చింది. 1920లు, 30లలో ఆ ప్రాంతంలో ఇతర కులాల రైతు కుటుంబాలు కూడా సంఘంలోకి రావడం మొదలైంది. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో వచ్చిన మార్పు చూసి వచ్చామని చెప్పినవాళ్ళున్నారు. క్లౌ ఒంగోలులో వదులుకున్నవాళ్ళ లాంటివాళ్ళే, ఆఖర్న వచ్చారన్నమాట. అదే సమయంలో గాంధీజీ ఈ మతమార్పిడుల్ని గట్టిగా విమర్శించారు, ముఖ్యంగా 1935లో అంబేడ్కర్ హిందువుగా చావను అని ప్రకటించాక. ఆ గొడవే ఒక పూర్తి ఎపిసోడ్. ఇక్కడ ఒక్కటే చెప్తా: అజరయ్య క్రైస్తవులకి ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నాడు. అలా చేస్తే సంఘం తలుపు తెరిచి ఉన్న ఇల్లు కాకుండా, దేశంలో ఇంకో కులం అయిపోతుందని ఆయన భయం.

కానీ పెళ్ళిళ్ళు? అక్కడ ఆయన కూడా పెద్దగా కదిలించలేకపోయాడు. ఒక పంక్తిలో తిన్నారు, ఒక గిన్నెలోంచి తాగారు, పిల్లనిచ్చే దగ్గరికొచ్చేసరికి ఎవరి పల్లె వాళ్ళది. 1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే చనిపోయాడు.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తా. 1947 సెప్టెంబర్‌లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది, డోర్నకల్ అందులో భాగం. ఇంకోవైపు భక్తసింగ్. పంజాబ్ సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, కెనడాలో బాప్తిస్మం తీసుకుని, చివరికి హైదరాబాద్‌ని ఇల్లు చేసుకున్న మనిషి. (ఇంజినీరింగ్ చదివి వేరే పనిలో పడ్డవాళ్ళ మీద నాకు సహజంగానే అభిమానం.) గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను ఆయనదే. అక్కడ ఆరాధన అయ్యాక అందరూ చాపల మీద కూర్చుని కలిసి తినే ప్రేమవిందు ముఖ్యమైన అలవాటు. డినామినేషన్ పేర్లు వద్దన్నాడు. పాత సంఘాలవాళ్ళకి కోపం, మా మందలో గొర్రెల్ని తోలుకెళ్తున్నాడని. అందరికీ తెరిచిన కొత్త తలుపు చాలాసార్లు పాత ఇళ్ళలోంచే జనాన్ని తెస్తుంది మరి.

ఇక ఇవాళ్టి సంఘకాపరి చిక్కులు. ఒకటి మీకు వెంటనే తట్టకపోవచ్చు, అది రిజిస్టరు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సి. దాంతో ఊరి చర్చిలో బెంచీ మీద కూర్చున్న మనిషి కాగితం మీద ఇంకోలా ఉండొచ్చు. కాపరి తన సభ్యుల పేర్లు ధైర్యంగా రాసుకోలేడు. పేరు రాయడమే హాని చేస్తుందంటే ఆయన ఏం చేస్తాడు? వర్గీకరణ కోసం 1994లో మాదిగ దండోరా మొదలైనప్పటి నుంచి, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు దాకా ఊళ్ళో జరిగిన వాదన ఆదివారం గుమ్మం బయటే ఆగిపోదు కదా. ఆ కాపరి ఏ మాట మాట్లాడినా రెండు వరసల్లో ఒకటి లేచి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది. అప్పట్లో క్లౌ గదిలోకెళ్ళి బైబిలు తీసిన పరిస్థితే.

ఇంకో సంగతి. 2022లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంటోనీ కార్డినల్ అయ్యారు. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. క్యాథలిక్ చర్చి తెలుగు నేల మీదకొచ్చి మూడు శతాబ్దాలు దాటింది. మొదట్లో అందులోకి వచ్చినవాళ్ళలో రాయలసీమ రైతు కులాలవాళ్ళున్నారు. లోపలికి రావడానికీ, పైన కుర్చీలో కూర్చోవడానికీ మధ్య ఎంత కాలం పట్టిందో మీరే లెక్కేసుకోండి.

మా రూమ్మేట్ వాళ్ళ ఊరికి ఆ తర్వాత ఇంకోసారి వెళ్ళా, వాళ్ళ తాతగారు పోయినప్పుడు. ఈసారి మైకుల్లేవు. ఇంటి ముందు షామియానా కింద రెండు చర్చిల పాస్టర్లూ పక్కపక్కనే ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. అవతలి చర్చి ఆడవాళ్ళు కూడా పాట అందుకున్నారు. సాయంత్రం వాళ్ళమ్మగారు నాకు కాఫీ ఇస్తుంటే, "అందరూ వచ్చారాంటీ" అన్నా.

"చావుకి వస్తారు నాయనా, రెండు వైపులవాళ్ళూ వస్తారు."

"పెళ్ళికి?"

"పెళ్ళికి కార్డు ఇస్తారు."

వచ్చే ఎపిసోడ్‌లో బకింగ్‌హామ్ కాలువ కథ. ఎవరు తవ్వారు, ఎందుకు తవ్వారు, ఇప్పుడు అందులో ఏం పారుతోంది. అప్పటిదాకా సెలవు.